వంగమనే ముందు

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు మనవాళ్ళు. ఆ సామెత పుట్టించిన మహానుభావుడెవరో, జిప్సం అట్టను చూసి ఉండడు పాపం! గట్టిపడ్డాక కూడా అది వంగుతుంది. ఎలా వంచాలో తెలిసినవాళ్ళు వంచితే.

జిప్సం అట్ట మనకి కొత్తేం కాదు. ఇవాళ హైదరాబాదులో ఏ ఫ్లాటు గృహప్రవేశానికి వెళ్ళి తలెత్తినా కనిపించే ఫాల్స్ సీలింగు చాలాచోట్ల అదే. రెండువైపులా గట్టి కాగితం, నడుమ బొబ్బట్టులో పూర్ణంలా జిప్సం. అమెరికాలోనైతే ఇళ్ళ లోపలి గోడలూ, సీలింగులూ దాదాపు అన్నీ దీంతోనే. 1894లో ఆగస్టిన్ సాకెట్ అనే ఆయన దీని తొలిరూపానికి అక్కడ పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు సన్నని చెక్కబద్దల మీద తడి ప్లాస్టరు మెత్తి, అది ఆరేదాకా రోజుల తరబడి కాచుక్కూర్చునేవారు. ఆ తడిపని తప్పింది గనుక దీన్ని డ్రైవాల్, అంటే పొడిగోడ అన్నారు. తమాషా ఏమిటంటే, ఈ పొడిగోడ బాగా వంగాలంటే మళ్ళీ నీళ్ళే దిక్కు!

ఇదంతా నాకెలా తెలిసిందంటారా? మా అమ్మాయి డల్లాసు దగ్గర ఇల్లు కట్టించుకుంటూ, గుమ్మం దాటగానే వచ్చే నడవకి కమాను సీలింగు కావాలంది. చిన్నప్పుడు గూడుబండిలో వెల్లకిలా పడుకుని పైకి చూస్తే ఎలా ఉండేదో, అలాగన్నమాట. "చార్మినారు కమానులంటే 1591 నుంచీ బరువు మోస్తున్నాయి. మీ కమాను మోసేదేమిటే?" అన్నారు మావారు. "మా అప్పు, నాన్నా!" అంది అమ్మాయి.

మామూలు అట్ట అర అంగుళం మందం. దాన్ని పొడిగా వంచితే సుమారు 10 అడుగుల వ్యాసార్థం దాకా ఒప్పుకుంటుంది. అంతకన్నా బలవంతం చేస్తే పటుక్కున విరుగుతుంది. అందుకని పావు అంగుళం అట్టలు తెచ్చి ఒకదాని మీద ఒకటి రెండు పొరలు వేస్తారు. అవి పొడవువైపు 5 అడుగుల దాకా వస్తాయి. మా అమ్మాయి నడవ వెడల్పు 8 అడుగులు. నిండు అర్ధవృత్తమంటే వ్యాసార్థం 4 అడుగులే. (బళ్ళో నేర్చుకున్న లెక్క ఇన్నాళ్ళకి అక్కరకొచ్చింది చూశారూ!)

మేస్త్రీ అట్టను స్పాంజితో తడిపి పక్కన పెట్టి, తాపీగా కాఫీకి వెళ్ళిపోయాడు. గంట దాటాక వచ్చి, తోడు మనిషితో కలిసి పైకెత్తాడు. ఒక అంచు కదలకుండా ఆనించి, రెండో అంచును మెల్లిగా నెట్టాడు. అట్ట నడుం దానంతటదే పైకి లేచి, పైన చట్రానికి అతుక్కుంది. అప్పుడు స్క్రూలు బిగించారు. ఆరాక తట్టి చూశాను, మునుపటి గట్టితనమే! వంగింది గాని మెత్తబడలేదు.

చిన్న చిన్న ఒంపులకి ఇంకో పద్ధతుంది. అట్ట వెనకాల అంగుళానికొక గాటు చొప్పున కోసి వంచుతారు. పని త్వరగా అవుతుంది. కాని ఒంపు నున్నగా రాదు, పలకలు పలకలుగా వస్తుంది. పైన ఎంత లప్పం పెట్టినా, సాయంత్రం ఏటవాలు వెలుగులో ఆ విరుపులు బయటపడే ప్రమాదం ఉండనే ఉంటుంది.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది మాత్రం అట్ట కాదు, దాని వెనకున్న చట్రం. ప్లైవుడ్‌ని విల్లులా కోసి, పక్కటెముకల్లా వరసగా నిలబెట్టారు. సాపు సీలింగుకి 16 అంగుళాలకో 24 అంగుళాలకో ఒక బద్ద సరిపోతుంది. ఒంపుకి అలా కాదు, 9 అంగుళాలకో, ఇంకా దగ్గరగానో ఉండాలి. వంగేదానికి ఆసరా ఎక్కువ కావాలన్నమాట.

సరిగ్గా ఆ వారమే మా ఆడపడుచు ఫోను చేసింది. కూతురికి పెళ్ళయి ఆర్నెల్లు. పొద్దున్నే అయిదింటికి లేచి అందరికీ వండి, ఆఫీసుకెళ్ళి, రాత్రి ఎనిమిదింటికి వచ్చి మళ్ళీ వండుతోందట. వంటమనిషిని పెట్టుకుందామంటే అత్తగారు వద్దన్నారు. అల్లుడు తిన్న కంచం కూడా తియ్యడు. పిల్ల రెండుసార్లు ఏడ్చింది. "నువ్వు చెబితే వింటుంది వదినా. కాస్త వంగి ఉండమని చెప్పు," అంది.

"చెబుతాను. వంగమనే ముందు, దాని వెనకాల ఎవరున్నారో చెప్పు," అన్నాను.

"అదేం మాట?"

"అల్లుడు ఒక్క పూటయినా దాని పక్షాన మాట్లాడాడా? కూర తరిగిచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? పోనీ, నీకు చెప్పుకుంటే నువ్వయినా పూర్తిగా విన్నావా? ఇవేవీ లేకుండా వంచితే వంగడం కాదమ్మా, విరగడమే."

అవతల చాలాసేపు మాట లేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాను.

"సర్దుకుపో అన్నానే గాని, అది చెప్పేది పూర్తిగా విననే లేదు వదినా," అంది చివరికి. మర్నాడే కూతురి దగ్గరికి బయల్దేరింది. వెళ్ళాక నాకు ఫోను చేసింది మేనకోడలు. "అత్తయ్యా, అమ్మ వచ్చి రెండు రోజులయింది. ఇంతవరకూ సర్దుకుపో అనలేదు. నిన్న ఆయన్ని కూచోబెట్టి మాట్లాడింది కూడా. ఒంట్లో బాగానే ఉందంటావా?" అని నవ్వింది.

ఆ పిల్ల నవ్వు విని ఎన్నాళ్ళయిందో!