ఆమడ దూరం

నిన్న సాయంత్రం పెనుకొండ నుంచి రొద్దం వస్తుంటే దారిలో బండి పంక్చర్ అయింది. చుట్టూ వేరుశనగ చేలు, కనుచూపు మేరలో ఒక్క అంగడి లేదు. తోసుకుంటూ నడుస్తున్నా. తలమీద గడ్డిమోపుతో ఒక పెద్దాయన వెనకనుంచి వచ్చి, అడగకుండానే మోపు నా బండి సీటు మీద పెట్టి, "నువ్వు హ్యాండిల్ పట్టుకో నాయనా, నేను తోస్తా" అన్నాడు.

దారి పొడుగునా వాన గురించే మాట్లాడాడు. పెన్నలో నీళ్లు పారిన రోజులు చెప్పాడు. నేను ఊఁ కొడుతున్నానే గానీ మనసంతా బండి మీదే. పంక్చర్ అంగడి రాగానే మోపు ఎత్తుకుని వెళ్లిపోయాడు.

రాత్రి లూకా సువార్త 24వ అధ్యాయం తెరిచా. యెరూషలేముకు ఆమడ దూరంలోని ఎమ్మాయుకు ఇద్దరు దిగులుగా నడిచిపోతుంటే యేసు పక్కనే నడిచాడు. వాళ్లు గుర్తుపట్టలేదు. అయినా పొద్దుగూకిందని, తమతో ఉండమని బలవంతం చేశారు. రొట్టె విరిచినప్పుడు కళ్లు తెరుచుకున్నాయి. ఆ పిలుపే లేకపోతే ఆయన ముందుకు సాగిపోయేవాడే. ఎన్నోసార్లు చదివినా ఈ మాట నాకు నిన్ననే తగిలింది.

నేను ఆ గడ్డిమోపు పెద్దాయన పేరడగలేదు. "టీ తాగి పో పెద్దాయనా" అని కూడా అనలేదు.

ప్రభువా, క్షమించు. ఈ సాయంత్రం అదే వేళకు అదే దారిన మళ్లీ వెళ్తున్నా.