అర్ధరాత్రి కారు కేకలు

వెండితెర మీద కారు అలారం మోగిందంటే ఒక్కటే అర్థం... దొంగ వచ్చాడు! వెంటనే ఛేజింగు, రెండు ఫైట్లు, ఆ తరవాత శుభం కార్డు. నా కారు మూడు వారాలపాటు అర్ధరాత్రి, అపరాత్రి అనకుండా అరిచినా ఏ దొంగా రాలేదు. అలాగని ఈ కథలో దొంగే లేడనుకోకండి. ఉన్నాడు. ఎవరో చివర్లో చెబుతాను.

నాది 2010 మోడల్ కారు. 2019లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అలారం కంపెనీ నుంచే బిగించి వచ్చింది. 2025 వర్షాకాలంలో దానికి పూనకం పట్టుకుంది. చినుకు పడిన రాత్రల్లా రెండింటికో మూడింటికో హారను, నాలుగు ఇండికేటర్లూ ఒక్కసారిగా! లుంగీ ఎగ్గట్టుకుని తాళం గుత్తితో కిందికి పరిగెత్తేవాణ్ణి. పై వాటా మామ్మగారికి గుండె జబ్బు. ఒక రాత్రి ఆవిడ బాల్కనీలోంచి, "బాబూ, అది అరిచినప్పుడల్లా నా గుండె ఆగినంత పనవుతోంది" అన్నారు. కోప్పడినా బాగుండేది. అంత మెల్లగా అనేసరికి తలెత్తుకోలేకపోయాను.

ఇంకోరోజు గాంధీనగర్‌లో మేటినీకి వెళ్ళాను. తెర మీద తల్లి ప్రాణం పోయే సీను. హాలంతా ముక్కులు చీదుకుంటోంది. సరిగ్గా అప్పుడే బయట నుంచి పీం... పీం... పీం! పార్కింగు కుర్రాడు టార్చి పట్టుకుని లోపలికొచ్చి నా బండి నంబరు చదివాడు. జీవితంలో నా పేరు మీద పడిన మొదటి ఈలలు అవే!

ఇక లాభం లేదు, అమ్మేద్దామనుకున్నాను. తెలిసిన బ్రోకరుతో చెబితే నవ్వేశాడు. "హారను వైరు పీకించెయ్యండి గురూగారూ. అరవని బండికి ఏ రోగం ఉన్నా కనపడదు. వరద సంగతి మాత్రం నోరెత్తకండి" అన్నాడు. రెండ్రోజుల్లో బేరం కూడా తెచ్చాడు. కొత్తగా పెళ్ళయిన కుర్రాడు, అదే మొదటి కారు. భార్యని వెనక కూర్చోబెట్టుకుని బైకు మీద వచ్చి బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, మురిసిపోయి వెళ్ళాడు.

వరద సంగతంటే... 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు పొంగి సింగ్ నగర్ నీళ్ళలో మునిగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారిన రోజులవి. గండ్లు పూడ్చడానికి సైన్యం దిగింది, మేడల మీదికి డ్రోన్లతో అన్నం పొట్లాలు వచ్చాయి. వీధి వీధంతా కార్లూ ఆటోలూ మునిగాయి. నా బండిలోకి సీటు దాకా నీళ్ళొచ్చాయి. తరవాత ఆయిళ్ళు మార్పించి, సీట్లు ఎండబెడితే మళ్ళీ స్టార్టయింది. అంతా బాగుందనుకున్నాను.

హారను పీకించడానికే ఆటోనగర్ వెళ్ళాను. నాగచైతన్య నటించిన "ఆటోనగర్ సూర్య" 2014లో వచ్చింది కదా, అందులో చూసే ఉంటారు. అసలు ఆటోనగర్‌లో స్లో మోషన్ మాత్రం ఉండదు. లారీ బాడీలు కట్టే సుత్తి దెబ్బలు, వెల్డింగు మెరుపులు, గ్రీజు వాసన. మొదటి షాపులో బానెట్ అయినా ఎత్తకుండా, "కంప్యూటరు పోయింది, ఇరవై అయిదు వేలు" అన్నారు. రెండో సందులో ఒక ఎలక్ట్రీషియన్ మేస్త్రిగారు కనిపించారు. అరవై దాటిన మనిషి, కళ్ళజోడు ముక్కు చివర వేలాడుతోంది.

"హారను పీకెయ్యండి మేస్త్రిగారూ" అన్నాను.

"పిల్లాడు ఏడుస్తుంటే నోరు కుట్టేస్తామా బాబూ? ఎందుకు ఏడుస్తున్నాడో చూడాలి గానీ" అన్నారాయన.

ముందు మీటరు తీసి బ్యాటరీ చూశారు. ఇంజను ఆపి కాసేపు ఉంచాక 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టట. 12కి దిగితే నీరసం. నీరసపడ్డ బ్యాటరీతో కూడా అలారం తిక్కగా మోగొచ్చు. నాది 12.5 చూపించింది. అంటే తప్పు దానిది కాదు.

తరవాత అసలు కిటుకు చెప్పారు. ప్రతి తలుపుకీ, డిక్కీకీ, బానెట్‌కీ చిన్న స్విచ్చి ఉంటుంది. రిమోటుతో లాక్ చేశాక కంప్యూటరు వాటినే కాపలా కాస్తుంది. ఏ ఒక్కటి "తెరిచారు" అన్నా హారను కొట్టేస్తుంది. కాబట్టి అబద్ధం చెబుతున్న స్విచ్చి ఏదో పట్టుకోవాలి. ఎక్కువగా బానెట్ స్విచ్చి మీదే అనుమానం పెట్టుకుంటారట, దుమ్మూ నీళ్ళూ దానికే తగులుతాయి గనుక. నా బండిలో అదీ శుభ్రంగానే ఉంది.

ఆ తరవాత మేస్త్రిగారు తలుపులన్నీ వేసి లోపల కూర్చుని, పైన లైటు స్విచ్చిని "డోర్" దగ్గర పెట్టారు. తలుపు తీస్తేనే అది వెలగాలి. డ్రైవరు కాళ్ళ దగ్గర తివాచీ మీద పిడికిలితో తట్టారు. లైటు కన్ను కొట్టింది! మళ్ళీ తట్టారు. మళ్ళీ కొట్టింది.

తివాచీ ఎత్తితే దాని కింద ఇంకా చెమ్మే. వైర్లు కలిసే కనెక్టరు నిండా పచ్చటి చిలుం. ఎండకి ఆరినప్పుడు బుద్ధిగానే ఉంటుందట. చెమ్మ తగిలిందంటే ఆ చిలుం గుండా కరెంటు ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకి పాకుతుంది. కంప్యూటరు లెక్కలో తలుపు తెరుచుకున్నట్టే!

"ఇదెప్పుడు మునిగింది బాబూ?" అని అడిగారు. చెప్పాను. ఆయన సీటు కింద ఉన్న ఒక పసుపు కనెక్టరు చూపించారు. "ఇది ఎయిర్‌బ్యాగు లైను. దీని చివర కూడా పచ్చబడుతోంది. బ్యాటరీ తీసి కాసేపు ఆగకుండా దీన్ని ముట్టుకోకూడదు. ఇది నా పని కాదు, కంపెనీ వర్క్‌షాపులో చూపించండి. ఇలాగే వదిలేస్తే గుద్దుకున్న రోజున బ్యాగు విచ్చుకోకపోవచ్చు."

నా కళ్ళ ముందు బైకు మీద వచ్చిన ఆ జంట మెదిలారు. మూడు వారాలుగా ఆ కారు నాతో అబద్ధాలాడుతోందనుకున్నాను. నిజానికి వరద సంగతి దాచకుండా చెబుతున్నది అదొక్కటే. దాని నోరు నొక్కించడానికే నేను ఆటోనగర్ వచ్చాను. ఇప్పుడు చెప్పండి, ఈ కథలో దొంగెవరు?

మేస్త్రిగారు పాత కనెక్టరు కోసేసి కొత్తది వేశారు, టంకం పెట్టి స్లీవు ఎక్కించారు. మూడు గంటల పనికి పన్నెండు వందలు తీసుకున్నారు. ఎయిర్‌బ్యాగు లైను వర్క్‌షాపులో బాగు చేయించాను. ఆ ఖర్చు వేరు. ఆ సాయంత్రమే కుర్రాడికి ఫోన్ చేసి బండి మునిగిందని మొదలుపెట్టి అంతా చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. "థాంక్సండీ, వద్దులెండి" అని పెట్టేశాడు. బ్రోకరైతే ఇప్పటికీ నన్ను చూసి తల కొట్టుకుంటాడు.

బండి నా దగ్గరే ఉంది. వానలో తడిసినా నోరెత్తడం లేదు. మామ్మగారు ప్రశాంతంగా నిద్రపోతున్నారు.

రెండు నెలల తరవాత ఆ కుర్రాడే ఫోన్ చేశాడు. "ఇంకో కారు చూశానన్నా. కొనేముందు మీ మేస్త్రిగారికి చూపిస్తారా?" మొదట్లో "అండీ" అన్నవాడు ఈసారి "అన్నా" అన్నాడు.

ముగ్గురం కలిసి చూశాం. అందరికన్నా ముందు తివాచీ ఎత్తింది ఎవరనుకుంటున్నారు? ఆ కుర్రాడే!