బొమ్మే కోడైన చోట

మా టీములో సిములింక్‌లో మోడల్ గీస్తే సీ కోడ్ దానంతటదే పుడుతుంది. అందరూ చేస్తున్నారని మేమూ స్క్రమ్ మొదలెట్టాం, రెండేసి వారాల స్ప్రింట్లు. ఓసారి డెమోకి గంట ముందు వైపర్ స్పీడు లెక్కలో తప్పు దొరికింది. మోడల్ సరిచేసి టెస్టులన్నీ మళ్ళీ నడిపే టైమెక్కడిది? పుట్టిన కోడ్‌లోనే ఒక లైను చేత్తో మార్చేశాను. డెమో అదిరింది (నా మొహం!).

తర్వాతి స్ప్రింట్లో జూనియర్ కుర్రాడు కోడ్ మళ్ళీ జనరేట్ చేశాడు. నా లైను గల్లంతు, పాత తప్పు ప్రత్యక్షం. రెట్రోస్పెక్టివ్‌లో అక్షింతలు వాడికి పడ్డాయి. నేను నోరు మెదపలేదు.

డాక్యుమెంట్ల కంటే పనిచేసే సాఫ్ట్‌వేరే మిన్న అంటుంది 2001 నాటి ఎజైల్ మానిఫెస్టో. మేం మోడల్ని డాక్యుమెంట్ల లెక్కలో వేసేశాం. మా దగ్గర సాఫ్ట్‌వేరంటే అదే కదండీ! ఇప్పుడు జనరేటైన ఫైళ్ళని రిపాజిటరీలోంచి తీసేశాం, రోజూ రాత్రి మోడల్ నుంచే బిల్డవుతుంది. ఆ లైను సంగతి మాత్రం వాడికింకా చెప్పలేదు.