గద్దర్ పాటలకు మా మార్కులు

వార్షికోత్సవం వచ్చిందంటే హాస్టళ్లలో పాటల పోటీ తప్పదు. మార్కులు వేసే కాగితం మీద మూడు గళ్లుంటాయి: శ్రుతి, లయ, గాత్ర మాధుర్యం. మాకు పేచీ అంతా ఆ మూడో గడితోనే. ఆ గడితో కొలిస్తే, తెలుగునాట యాభై ఏళ్లు జనాన్ని కదిలించిన ఒక గొంతుకు మార్కులే పడవు. ఆ గొంతు గద్దర్‌ది.

అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు. మెదక్ ప్రాంతంలోని తూప్రాన్‌లో దళిత కుటుంబంలో పుట్టారు. 1972లో ఏర్పడిన జన నాట్య మండలికి గొంతయ్యారు. గోచీ, గొంగడి, కాలికి గజ్జెలు, చేతిలో కర్ర - ఇదీ ఆయన వేదిక వేషం. 2023 ఆగస్టు 6న హైదరాబాదులో కన్నుమూశారు. ఆయన పాటల్లో రికార్డయి దొరికినవి మేము వరుసగా వేసుకుని విన్నాం. దండ వేసి దణ్ణం పెట్టడానికి కాదు, తూకం వేద్దామని. పదికి ఎన్ని మార్కులు వేశామో, ఎందుకు వేశామో ఇక్కడ రాస్తున్నాం.

మొదట 1979 నాటి ‘మా భూమి’. గౌతమ్ ఘోష్ సినిమా. సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి నిజాం మీద కట్టిన ‘బండెనక బండి కట్టి’ పాటను ఇందులో గద్దర్ పాడారు, తెర మీద కూడా కనిపించారు. పాట ఆయన సొంతం కాదు. అయినా ఈ గొంతులో పడ్డాకే అది తరువాతి తరాలకు చేరింది. మాకు తెలంగాణ యాస కొత్త. అయినా రెండోసారి వినేసరికి నోటికొచ్చేసింది. తొమ్మిది మార్కులు.

తరువాత 1983లో బి. నర్సింగరావు తీసిన ‘రంగుల కల’. ఇందులో ‘భద్రం కొడుకో’ ఉంది. పట్నంలో రిక్షా తొక్కే కొడుక్కి చెప్పే జాగ్రత్తల పాట అది. ఇల్లు విడిచి హాస్టల్‌కు వచ్చిన వాళ్లెవరికైనా ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ట్రంకుపెట్టె ఎత్తి బస్సెక్కించేటప్పుడు మా అమ్మలు చెప్పినవీ ఇలాంటి మాటలే. గర్జించే గొంతు ఇక్కడ బుజ్జగిస్తుంది. పదికి పది.

జన నాట్య మండలి క్యాసెట్లకు మాత్రం ఏడే వేశాం. ‘సిరిమల్లె చెట్టుకింద లచ్చుమమ్మో’ లాంటివి ఎన్నేళ్లయినా వాడిపోవు. కష్టం చేసే మనిషి వాటిలో కళ్లకు కడతాడు. నినాదాన్నే పాటగా కట్టినవి అలా నిలవలేదు. ఆ ఏడాది సభలో నిప్పులు కురిపించి ఉంటాయి, ఇప్పుడు వింటే పాత కరపత్రం చదివినట్టుంది. ఇంకో లోటు కూడా ఉంది. గద్దర్ పాటలో సగం ఆయన ఒళ్లే. ఆ గంతు, ఆ చూపు, మధ్యలో మామూలుగా మాట్లాడినట్టు చెప్పే ముచ్చట - ఇవన్నీ టేపులోకి రావు.

1995లో దాసరి నారాయణరావు దర్శకత్వంలో వచ్చిన ‘ఒరేయ్ రిక్షా’ సంగతి వేరు. ‘మల్లెతీగకు పందిరి వోలె’ రాసింది గద్దర్, పాడింది వందేమాతరం శ్రీనివాస్. ఆ పాటకు ప్రభుత్వం నంది అవార్డు ప్రకటిస్తే గద్దర్ తీసుకోలేదు. ఇందులో మేము తెలుసుకున్నది ఒకటుంది: నిజమైన పాట రాసినవాడి గొంతు దాటి బతుకుతుంది. ఎనిమిది మార్కులు.

1997 ఏప్రిల్ 6న ఆయన మీద ఇంటి దగ్గరే కాల్పులు జరిగాయి. ఒక తూటా ఒంట్లోనే ఉండిపోయింది. 2011లో ‘జై బోలో తెలంగాణ’ కోసం ‘పొడుస్తున్న పొద్దుమీద’ పాడింది ఆ తూటా ఉన్న ఒళ్లే. సినిమా హంగు ఎంత ఉన్నా, అందరూ అందుకోవడానికి పాటలో చోటుంది. తొమ్మిది మార్కులు.

ఇలాంటి గొంతులు మన దగ్గరే కాదు, ప్రపంచంలో ఇంకోచోటా పుట్టాయి. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అని ఫ్యాక్టరీల ఊరుంది. హెవీ మెటల్ సంగీతానికి పుట్టిల్లు అదేనంటారు. 1970లో మొదటి ఆల్బమ్ తెచ్చిన ‘బ్లాక్ సబ్బత్’ బృందం ఆ ఊరిదే. దాని గాయకుడు ఓజీ ఆస్బోర్న్ కుర్రతనంలో కబేళాలో పని చేశాడు, 2025 జూలైలో చనిపోయాడు. గిటార్ వాయించే టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీలో వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. వాళ్ల పాటలూ చెవికి ఇంపుగా ఉండవు. ఒళ్లు వంచి పని చేసే చోట పుట్టిన పాట ఆ పని చప్పుడును కూడా వెంట తెచ్చుకుంటుంది. వాళ్లకు కరెంటు గిటార్లున్నాయి, గద్దర్‌కు డప్పూ గజ్జెలూ ఉన్నాయి.

మన వాకాడు వాళ్లకు ఈ మాట వింతేమీ కాదు. తూపిలిపాలెం ఒడ్డున వల లాగేటప్పుడు ఒకరు అందిస్తే మిగిలినవాళ్లు అందుకుంటారు. నాట్లేసే మళ్లలోనూ అంతే. అక్కడ గొంతు తీయగా ఉందా అని ఎవరూ అడగరు, వెనకున్నవాళ్లు అందుకుంటున్నారా లేదా అనే చూస్తారు. గద్దర్ పాట కట్టు కూడా అదే.

ఇదంతా ఎందుకు రాశామంటే, “నీ గొంతు బొంగురు, నువ్వు కోరస్‌లో నిలబడు” అనిపించుకున్న పిల్లలు ప్రతి హాస్టల్‌లోనూ ఉన్నారు. ఇంట్లో మాట్లాడే యాసలో పాడితే నవ్వుతారని నోరు మూసుకున్న చెల్లెళ్లూ ఉన్నారు. వాళ్లలో ఎవరి గొంతు ఎంత దూరం వెళ్లేదో మూడు గళ్ల కాగితం చెప్పలేదు.

అందుకే వచ్చే వార్షికోత్సవానికి మాదో మనవి. శ్రుతి, లయ గళ్లు ఉండనివ్వండి. మూడో గడిలో గాత్ర మాధుర్యం కొట్టేసి ‘వెంట ఎంతమంది పాడారు’ అని రాయండి. న్యాయనిర్ణేతలకు కూడా సులువే: తలెత్తి హాలు వైపు చూస్తే చాలు.