తాపీవారి మాటలు

చదువుకొన్నవారు కొత్త వస్తువు కనబడగానే దానికొక సంస్కృత సమాసాన్ని వెదకుతారు. తాపీ మేస్త్రికి అంత తీరిక లేదు. గోడ నిట్టనిలువుగా లేచినదో లేదో చూచేందుకు దారానికి వ్రేలాడే లోహపుముద్దను ‘తూకపుగుండు’ అన్నాడు. గోడల మూల లంబకోణంలో కలిసిందని చెప్పేది ‘మూలమట్టం’. గాజుగొట్టంలోని ద్రవంలో గాలిబుడగ నడిమికి వచ్చి నిలిస్తే చదును కుదిరినట్లు. ఆ సాధనం ‘రసమట్టం’. సంస్కృత ‘రస’ శబ్దాన్ని దేశ్యమైన ‘మట్టం’తో ముడివేసిన ఈ మిశ్రసమాసాన్ని ఏ పండితుడు తప్పుపట్టగలడు? అసలు ‘మేస్త్రి’ శబ్దమే పోర్చుగీసు వారి ‘మెస్త్రే’.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశాన్ని ఆరంభించింది. గృహనిర్మాణ పదాల సంపుటాన్ని బూదరాజు రాధాకృష్ణ కూర్చారు. పనివారి నోట విని వ్రాసుకొన్న మాటలవి. ఆ పని జరగడం మంచిదయింది. కాంక్రీటు శ్లాబు వచ్చిన తరువాత దూలం, వాసం, పెంకు చాలా ఇండ్ల పైకప్పులను విడిచిపోయాయి. వస్తువు పోయినచోట మాట నిలవడం కష్టం. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమనే నుడికారాన్ని నేటి విద్యార్థి వాడుతూనే ఉన్నాడు. వాసమంటే ఏమిటని అడిగితే మాత్రం శ్లాబు వంక చూస్తాడు.