ఏమీ జరగని రోజు

ఖమ్మంలో చంటిపిల్లను చూసుకునే మనిషి కావాలంటే ముందు క్యాలెండరు తీయాలి. సంక్రాంతి వెళ్లిందంటే మిరప తోటల్లో కాయ ఏరుడు మొదలవుతుంది. మార్చి దాకా పల్లెల్లో ఒక్క చెయ్యీ ఖాళీగా ఉండదు. ఉన్న చేతులు చాలక ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు డీసీఎం వ్యాన్లలో పిల్లాజెల్లాతో దిగుతారు. మిరప ముగిసీ ముగియకముందే అడవిలో ఇప్పపూలు రాలతాయి. వాటి వెనకే బీడీలు చుట్టే తునికాకు. 50 ఆకులు ఒక కట్ట. పొద్దు పొడవకముందే అడవికి పోయి కోసుకొచ్చి, కట్టలు కట్టి, కల్లంలో లెక్క అప్పగించాలి. ఏడాదిలో నాలుగు డబ్బులు కళ్లజూసే ఆ కొద్ది రోజులు వదులుకొని మీ ఇంట్లో ఉయ్యాల ఊపడానికి ఎవరొస్తారు?

తొలకరికి గిరిజన పల్లెల్లో భూమి పండుగ. అది కాగానే గోదావరి వంతు. భద్రాచలం దగ్గర నీళ్లు 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మూడోది పడిందంటే దుమ్ముగూడెం, చర్ల వైపు రోడ్లు మునిగినట్టే. ఇంటికి పోయొస్తానని వెళ్లిన ఆయా అక్కడే ఉండిపోతుంది, ఆమె తప్పేమీ లేకుండా. 2022 జులైలో నది 71 అడుగులు దాటినప్పుడు ఆయాల సంగతి సరే, కలెక్టర్లకే దారి కష్టమైంది. వరద తీశాక పత్తి తీతలు. ఈ గండాలన్నీ దాటిన మనిషి దొరికినా, రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర ఉండనే ఉంది. సమ్మక్క దగ్గరికి పోతానన్న మనిషిని ఆపే ధైర్యం మా వైపు ఏ యజమానికీ లేదు.

పిల్లలేమో ఈ క్యాలెండరు చూసుకొని పుట్టరు. మా మనవరాలు జులైలో పుట్టింది. బ్యాంకులో పనిచేసే మా కోడలి సెలవు సరిగ్గా మిరప కోతల్లో అయిపోయింది.

1961 నాటి ప్రసూతి చట్టం 12 వారాలు ఇచ్చేది. 2017 సవరణతో అది 26 వారాలైంది. సంతోషమే. కానీ ఆరు నెలల బిడ్డ అంటే అప్పుడే బోర్లాపడి, పాకడానికి చూస్తూ, చేతికందినదల్లా నోట్లో పెట్టుకునే బిడ్డ. అసలు కాపలా అక్కడి నుంచే మొదలు. 50 మంది పనిచేసే చోట శిశుసంరక్షణ గది పెట్టాలని ఆ సవరణే చెప్పింది. మా కోడలి బ్రాంచిలో మేనేజరును, ఊడ్చే ఆమెను, గేటు దగ్గర తుపాకీ పట్టుకున్నాయనను కలిపి లెక్కేసినా అందులో సగం తేలరు. ఊళ్లో బట్టల కొట్లూ, ప్రైవేటు బడులూ చాలావరకు ఇంతే.

పోనీ అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. 1975 అక్టోబరు 2న మొదలైన ఆ పథకం పల్లెకు చేసిన మేలు తక్కువది కాదు. ఏడో నెల నుంచే బాలామృతం పొట్లం ఇంటికిస్తారు. మూడేళ్లు నిండితే పిల్లను కూర్చోబెట్టుకొని ఆటా పాటా నేర్పుతారు. పొట్లానికీ ఆటపాటలకూ మధ్య రెండున్నరేళ్లున్నాయి. ఆ రెండున్నరేళ్లను మన చట్టాలూ పథకాలూ అన్నీ కలిసి, ఎక్కడా కాగితం మీద రాయకుండా, నాయనమ్మకు అప్పగించాయి. అమెరికాలోనైతే అమ్మమ్మకు కూడా పంచారు. ముందు భార్య తల్లిదండ్రులు ఆరు నెలలు, వాళ్లు తిరుగు విమానం ఎక్కేసరికి భర్త తల్లిదండ్రులు ఇంకో ఆరు నెలలు. విజిటర్ వీసా మీద వెళ్లినవాళ్లకు మామూలుగా దొరికే గడువు అంతే కాబట్టి అక్కడి తెలుగువాళ్ల చంటిపిల్లలు ఎందరో ఈ షిఫ్టుల మీదే పెరిగారు. నా మోకాళ్లు అమెరికా దాకా అక్కర్లేదు, మా ఇంటి మేడ మెట్లకే మొరాయిస్తున్నాయి. కనుక మనిషిని వెతకక తప్పలేదు.

ఖమ్మంలో వెతకడమంటే చెవిన వేయడం. వాచ్‌మన్ భార్య చెవిన, పెరుగమ్మే ఆమె చెవిన, ఆస్పత్రిలో పురుటి గది దగ్గర పరిచయమైన ఆయా చెవిన, ఆదివారం చర్చికెళ్లే పక్కింటామె చెవిన. నేను దుమ్ముగూడెం మండలంలో చాలాకాలం పంతులమ్మగా చేశాను. ఆ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. విచిత్రమేమంటే, నేను మనిషిని వెతుకుతున్న రోజుల్లోనే నన్ను మనిషిని వెతికిపెట్టమని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు.

"టీచరు గారూ, మీకు ఏజెన్సీలో అందరూ తెలుసు కదా. చిన్నపిల్ల ఎవరైనా ఉంటే చూడండి. బాబుతో ఆడుకుంటూ ఉంటుంది. తిండీ బట్టా అంతా మేమే చూసుకుంటాం."

అడిగేవాళ్లు దుర్మార్గులు కారు. చదువుకున్నవాళ్లు, మర్యాదస్తులు. పది, పదకొండేళ్ల పిల్లయితే ఎదురు చెప్పదనీ, జీతం అడగదనీ, పైగా దానికీ నాలుగు మెతుకులు దొరికి పుణ్యమొస్తుందనీ నిజంగానే నమ్ముతారు. బాబుతో ఆడుకోవడం బాబు నిద్రపోగానే గిన్నెలతో ఆడుకోవడమవుతుందని వాళ్లకు తోచదు. 14 ఏళ్లలోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు నుంచే నేరం. 2016లో ఇంకా గట్టిపరచి, కొద్ది మినహాయింపులు తప్ప ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. ఈ మాట చెబితే, "అబ్బే, పని కాదండీ, ఇంట్లో పిల్లలాగానే" అంటారు. ఇంట్లో పిల్లయితే పొద్దున బడి బస్సెక్కాలి కదా అంటే నాతో మాట్లాడడం మానేస్తారు.

నాకు ఆ పిల్లలు తెలుసు. మిరప రోజుల్లో హాజరు పట్టీలో ఆడపిల్లల వరుస ఖాళీ అయ్యేది. తల్లి చేలోకి, ఎనిమిదేళ్ల అక్క ఇంట్లో చెల్లి దగ్గరికి. కొందరు తల్లులు బిడ్డను వెంటే తీసుకెళ్లి గట్టు మీద చెట్టుకు చీర ఉయ్యాల కట్టేవాళ్లు. అక్కడ కూడా ఊపేది ఇంకో చిన్న చెయ్యే. చెల్లిని చంకనేసుకొనైనా బడికి రండర్రా అనేదాన్ని. వచ్చేవాళ్లు. ఎక్కాలు విని విని ఆ చంటివాళ్లలో కొందరు బడిలో పేరు రాయించుకునే నాటికే రెండో ఎక్కం అప్పజెప్పేవాళ్లు. అలాంటి పిల్లను పట్టుకొని, నీ చెల్లిని దించి ఈ సారుగారి బాబును ఎత్తుకోమని చెప్పడానికి నాకు నోరు రాదు.

చివరికి మాకు మనిషిని చూపించింది పాపకు నీళ్లు పోసే అవ్వ. పీట మీద కూర్చొని, కాళ్లు చాపి, ఆ కాళ్ల మీద పిల్లను పడుకోబెట్టి, నలుగు పెట్టి, ఒక్క చుక్క కంట్లో పడకుండా నీళ్లు పోసే విద్య ఆవిడది. "మా మేనకోడలుందమ్మా, బూర్గంపాడు దిక్కు. ఇద్దరాడపిల్లలు ఆశ్రమ పాఠశాలలో ఉన్నరు. చిన్నోడు అమ్మమ్మ దగ్గరుంటడు" అంది.

ఆమె వచ్చింది. మేం ప్రశ్నలు సిద్ధం చేసుకున్నాం. ఇంతకు ముందు ఎక్కడ చేశావు, ఆధార్ ఉందా, చేతులు సబ్బుతో కడుక్కుంటావా, ఫోను ఎంతసేపు చూస్తావు. అన్నిటికీ నిదానంగా చెప్పింది. మేం ఆగాక తన ప్రశ్నలు మొదలుపెట్టింది.

"పాప రాత్రి ఎన్నిసార్లు లేస్తది? అన్నం మీతోనేనా, వేరేనా? కెమెరాలు ఏయే గదుల్లో ఉన్నయి? పాప ఏడిస్తే ఇంట్లో ఎవరెవరు అరుస్తరు?"

ఆఖరి ప్రశ్నకు మా అబ్బాయి తల దించుకున్నాడు. జీతం దగ్గరికొచ్చేసరికి ఆమె మిరప కూలి రోజుకెంతో చెప్పి, వేళ్ల మీద నెలకు లెక్కగట్టి, అంతకు తక్కువైతే రానంది. ఇంటిపనిని కనీస వేతనాల జాబితాలోకి 2007లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కించారు. ఆ జాబితా సంగతి ఆమెకు తెలియదు, మా వీధిలోనూ ఎవరికీ తెలియదు. అయినా పంట చేను ఆమెకు బేరమాడే ధైర్యమిచ్చింది.

ఆమె పని చూడడం మొదలుపెట్టాక నాకో సంగతి అర్థమైంది. పిల్ల ఆకలేడుపు వేరు, నిద్రేడుపు వేరు. ఆమె వంటింట్లో ఉండి కూడా ఏది ఏదో చెప్పేస్తుంది. పాప నిద్రపోతున్నప్పుడే గోళ్లు తీస్తుంది. మంచం అంచు నుంచి పాప ఎంత దూరంలో ఉందో చూడకుండానే ఆమెకు తెలుసు. వేరుశనగ గింజ నేల మీద పడిందంటే పాపకంటే ముందు ఆమె చెయ్యి అక్కడుంటుంది. సాయంత్రం కోడలు వచ్చి, "ఏం చేశారు ఇవాళ?" అంటే జవాబొకటే. "ఏం లేదమ్మా. తిన్నది, ఆడుకుంది, పండుకుంది."

ఆ మాటకు మా ఆయన నవ్వారు. ఆయన సింగరేణి బొగ్గు గనుల్లో మైనింగ్ సర్దార్‌గా చేసి దిగిపోయిన మనిషి. షిఫ్టు కార్మికులు లోపలికి పోకముందే సర్దార్ పోయి గాలి చూడాలి, గ్యాస్ చూడాలి, కర్రతో కప్పును తట్టి ఆ చప్పుడు వినాలి. డొల్లగా మోగితే ఎవరినీ అడుగు పెట్టనివ్వకూడదు. అన్నీ చూశాక పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. "నా సర్వీసంతా ‘ఏం లేదు’ అని రాయడానికే జీతం తీసుకున్నా. కంపెనీ ఒక్కరోజు కూడా ఖాళీగా కూర్చున్నావనలేదు" అన్నారు. సర్దార్‌కు సర్టిఫికెట్ ఉంది, చట్టం ఉంది, యూనియన్ ఉంది. కప్పు కూలలేదంటే అది ఆయన పనితనమని కొత్తగూడెంలో పసివాడికి కూడా తెలుసు. పిల్ల పడలేదంటే అది ఆయా పనితనమని ఖమ్మంలో పెద్దవాళ్లకు తట్టదు.

తట్టదు కనుకే తర్వాతి తప్పంతా జరుగుతుంది. తోమిన గిన్నె తళతళలాడుతూ కనిపిస్తుంది, మడతపెట్టిన బట్ట కనిపిస్తుంది. రాని జ్వరం, తగలని దెబ్బ, మింగని గింజ కనిపించవు. కనిపించని పనికి డబ్బిస్తున్నామన్న బాధ యజమానిని కుదురుగా ఉండనివ్వదు. "పాప పడుకుంది కదా, ఆ నాలుగు బట్టలు మడతపెట్టు" అంటాడు. మర్నాడు కూరగాయలు తరగమంటాడు. నెల తిరిగేసరికి ఆయా పనిమనిషవుతుంది, పాప కెమెరాకు మిగులుతుంది. ఆ తర్వాత ఆమె మానేస్తే, "ఈ కాలంలో నమ్మకమైన మనుషులు దొరకడం లేదండీ" అని వీధంతా చెప్పుకొస్తారు.

మా ఇంట్లో ఈ జారుడు జరగకూడదని మా ఆయన ఒక కాగితం రాయాలన్నారు. మాట చాలదా అంది కోడలు. మాట ఎంత దూరం నిలుస్తుందో చరిత్రలో ఉంది. ఇంగ్లిషు దొరల పిల్లలను ఎత్తుకొని ఓడెక్కిన మన దేశపు ఆయాలలో కొందరిని, తిరుగు ప్రయాణం బాధ్యత తమదేనని నమ్మబలికిన దొరసానులే లండన్‌లో దిగాక వదిలేసి చక్కా పోయారు. అలాంటివాళ్లు తలదాచుకున్న, అక్కడి హ్యాక్నీలోని ఆయాల ఇంటికి 2022లో స్మారకంగా నీలి ఫలకం పెట్టారు. గోదావరి జిల్లాల నుంచి కువైట్ పోయి అక్కడి పిల్లలను పెంచే తెలుగు ఆడవాళ్లను అడిగినా, చేతిలో ఉన్న కాగితానికీ చెవిన పడ్డ మాటకూ తేడా ఏమిటో చెబుతారు.

మా కాగితంలో సింగరేణి వాసన బాగానే వచ్చింది. ఆదివారం సెలవు. ఆదివారం రమ్మంటే ప్లేడే లెక్కన రెండు మస్టర్లు, అంటే రెండు రోజుల జీతం. జీతం ఒకటో తారీఖున. ఒంట్లో బాగోకపోతే ఆ నాగాకు కోత లేదు. పాప పని తప్ప ఇంకో పని చెప్పకూడదు. అంతా చదివి వినిపించాక ఆమె తన షరతు ఒకటి కలపమంది. తునికాకు రోజుల్లో ఊరికి పోతుంది. చిన్నోడి దగ్గర ఉన్నట్టూ ఉంటుంది, ఆకూ దక్కుతుంది. అక్కడ మాకు మాట పడిపోయింది. మా పిల్ల కోసం ఆమె తన పిల్లవాణ్ని అమ్మమ్మ దగ్గర వదిలిందన్న సంగతి మాకు తెలుసు, కానీ కాగితంలో దానికి ఒక గడి పెట్టాలని తోచలేదు. ఆమె ఊళ్లోనూ మూడేళ్లలోపు వాడిని పగలంతా చూసే చోటు లేదు.

అలాంటి చోటు అసాధ్యమేమీ కాదు. పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌లో 2012లో సర్గుజా వైపు ఫుల్వారీలని మొదలుపెట్టారు. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా పిల్లలను ఒకచోట చేర్చి, ఊరి తల్లులే వంతులవారీగా చూసుకుంటూ, వండి పెట్టుకునేవారు. వంతు లేని తల్లి నిశ్చింతగా అడవికో చేనుకో పోయేది. ఆ రాష్ట్రం నుంచి మిరప కూలీలు ఏటా మా చేలకొస్తున్నారు. ఈ ఆలోచన కూడా వాళ్లతో పాటు సరిహద్దు దాటి వస్తే బూర్గంపాడులో పిల్లవాడికీ, దుమ్ముగూడెంలో ఎనిమిదేళ్ల అక్కకూ మేలు. నాయనమ్మలకూ కాస్త ఊపిరి.

ఏప్రిల్‌లో మా ఆయా చెప్పినట్టే ఊరికి వెళ్లింది. ఆమె లేనన్నాళ్లూ పాప నా డ్యూటీ. సాయంత్రాలు నడుం పట్టుకొని కూర్చుంటే మా అబ్బాయి, "పగలంతా ఇంట్లోనే ఉన్నావు కదమ్మా, ఏం చేశావని ఇంత అలిసిపోయావు?" అన్నాడు. ఆయా వచ్చేదాకా వాడితో నేను మాట్లాడలేదు.

ఇప్పుడు వీధిలో ఎవరైనా మనిషిని చూసిపెట్టమంటే నేను చూసిపెడతాను, చిన్నపిల్లను తప్ప. రెండు మాటలు మాత్రం ముందే చెబుతాను. ఆమె ఊరి క్యాలెండరు తెచ్చి మీ గోడకు తగిలించుకోండి, సెలవులు అందులోంచే వస్తాయి. పాప పడుకున్నప్పుడు ఆమెనూ నడుం వాల్చనివ్వండి, లేచాక పరిగెత్తాల్సింది ఆమే.