ఎర్ర బటన్ నొక్కే ముందు

బెంగళూరులో ఇంటిని వెచ్చబెట్టుకునే యంత్రాల అవసరం ఎవరికీ పడదు. ఈ ఊళ్లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరి 13న. చలికాలం తెల్లవారుజామున పదిహేను డిగ్రీలకు దిగినా దుప్పటి సరిపోతుంది. అయితే తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కదా, జూన్ నెలలో కూడా పొద్దున్నే చన్నీళ్లు పోసుకోవాలంటే ఒళ్లు ఒప్పుకోదు. అందుకే ఇక్కడ పన్నెండు నెలలూ పనిచేసే వస్తువు గీజరు. టీవీ రిమోటు కనపడకపోతే ఇల్లంతా వెతుకుతాం గానీ, బాత్రూములో తల పైన వేలాడే ఆ డబ్బా వైపు కన్నెత్తి చూడం. నేనూ చూడలేదు. అది మా అమ్మ ప్రాణం మీదికి వచ్చింది. నేను చేసిన పనుల్లో ఏ ఒక్కటీ విడ్డూరమైనది కాదు, ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు చేసేవే. అందుకే వరుసగా చెప్పాలనిపించింది.

మాది పదిహేను లీటర్ల గీజరు, రెండు వేల వాట్లది. ఆ లెక్కన మామూలు నీళ్లు అరవై డిగ్రీలకు రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. లోపల కాయిల్ ఉంటుంది. నీళ్లు కావలసినంత కాగగానే కరెంటు ఆపడానికి థర్మోస్టాట్ ఉంటుంది. ఏ కారణం వల్లయినా థర్మోస్టాట్ ఆపకపోతే, లేదా నీళ్లు లేకుండా కాయిల్ కాలిపోతుంటే, దాని వెనక కాపలాగా ఇంకొకటి ఉంటుంది. దాన్ని మెకానిక్కులు కటౌట్ అంటారు. తొంభై డిగ్రీల చుట్టుపక్కల అది తెగి, గీజరును పూర్తిగా ఆపేస్తుంది. చాలా మోడళ్లలో అది దానంతట అది మళ్లీ కలుసుకోదు. కింది ప్లాస్టిక్ మూత విప్పి, చిన్న ఎర్ర బటన్‌ను మనిషి చేత్తో నొక్కాలి. కావాలనే అలా పెట్టారు. ఒక మనిషి వచ్చి, ఎందుకు తెగిందో చూసి, అప్పుడు నొక్కాలని.

నేను చూడకుండా నొక్కాను.

అది 2024 మార్చి. ఆ వేసవి బెంగళూరు ఎలా అల్లాడిందో ఇక్కడున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. అంతకుముందు ఏడాది వానలు ముఖం చాటేశాయి, బోర్లు ఎండిపోయాయి. అప్పుడు ఉప ముఖ్యమంత్రిగా ఉన్న డీకే శివకుమార్ తన ఇంటి బోరు కూడా ఎండిపోయిందని చెప్పారు. మేముండే మహదేవపుర వైపు ట్యాంకరు వస్తేనే నీళ్లు. ట్యాంకరు ఆలస్యమైతే మిద్దె మీది ట్యాంకు అడుగంటేది. కుళాయి తిప్పి, గాలి బుస్సుమంటే, అలాగే తెరిచి వదిలేసి వెళ్లిపోయేవాళ్లం. మాది పై అంతస్తు. కింది ఇళ్లలో ఎవరైనా కుళాయి తిప్పితే, పైపుల్లో మిగిలిన నీళ్లు కిందికి జారిపోతాయి. గీజరు ఇన్‌లెట్ దగ్గర నాన్ రిటర్న్ వాల్వ్ సరిగ్గా ఉంటే లోపలి నీళ్లు వెనక్కి పోవు. మా వాల్వ్ బోరునీళ్ల సున్నం పట్టి తెరుచుకునే ఉండిపోయిందని తర్వాత తెలిసింది. తెరిచి వదిలిన వేడినీళ్ల కుళాయి నుంచి గాలి దూరుతుంటే, గీజరులోని నీళ్లు వచ్చిన దారినే పోయేవి. సగం ఖాళీ ట్యాంకులో కాయిల్ ఎర్రగా కాలేది. కటౌట్ తన పని తాను చేసేది.

ఆ పొద్దున గీజరు లైటు వెలగకపోతే వీడియోలు చూసి, మూత విప్పి, ఎర్ర బటన్ నొక్కాను. టక్ మంది. లైటు వెలిగింది. మెకానిక్కును పిలవకుండా పని అయిందన్న సంతోషంలో, పక్కింటివాళ్లకు కూడా ఆ కిటుకు చెప్పాను. తర్వాత అది మళ్లీ ఆగింది, మళ్లీ నొక్కాను. అలా ఆ వేసవంతా నొక్కుతూనే ఉన్నాను. మూత విప్పేటప్పుడు గోడ మీది స్విచ్చి మాత్రమే ఆపేవాణ్ణి. పాత వైరింగులో ఫేజు, న్యూట్రల్ తారుమారై ఉంటే స్విచ్చి ఆపినా లోపల కరెంటు ఉంటుందని నాకు తట్టలేదు.

నీళ్లు లేకుండా కాలిన కాయిల్‌కు పైన రాగి గొట్టం నెర్రెలు బారుతుంది. గొట్టానికీ లోపలి తీగకూ మధ్య ఉండే తెల్లని పొడి మెగ్నీషియం ఆక్సైడ్. అది పొడిగా ఉన్నంతసేపూ కరెంటును బయటికి రానివ్వదు. నెర్రెలోంచి చెమ్మ చేరిందంటే కొద్దికొద్దిగా వదిలేస్తుంది. జూన్ వానలు మొదలయ్యేసరికి మా ఇంట్లో ఆర్‌సీసీబీ పడిపోవడం మొదలైంది.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లం కూడా ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండింటినీ ఒకటిగా కలిపేస్తాం. మెయిన్ బోర్డులో వరుసగా ఉండే చిన్న చిన్న ఎంసీబీలు వైర్లను కాపాడతాయి. గీజరు ఎంసీబీ పదహారు ఆంపియర్లదైతే, అంతకు మించితేనో, షార్ట్ అయితేనో పడుతుంది. మనిషి గుండెను ఆపడానికి అందులో వందో వంతు చాలు. వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ తేడా చూసేది ఆర్‌సీసీబీ, పక్కన టి అని రాసిన బటన్ ఉన్న పెద్దది. ఇళ్లలో పెట్టే రకం ముప్పై మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే సెకనులో మూడోవంతు లోపే తెగుతుంది. అది మనుషుల కోసం.

మా ఆర్‌సీసీబీ పడినప్పుడల్లా ఇల్లంతా చీకటి. నేను ఇంటి నుంచి పని చేస్తున్న రోజులవి. మీటింగు మధ్యలో వైఫై పోయేది. గీజరు వేసినప్పుడే పడుతోందని నాకు తెలిసిపోయింది. తెలిసి కూడా నేను అడిగింది ఏమిటంటే, గీజరు వేసినా మిగతా ఇల్లు ఆగకుండా చెయ్యమని. వచ్చిన ఎలక్ట్రీషియన్ కుర్రాడు రెండుసార్లు నా మొహంలోకి చూశాడు. "వద్దు సార్, కాయిల్ చూద్దాం" అన్నాడు. కాయిల్ సంగతి తర్వాత, ముందు ఇది చెయ్యి అన్నాను. అతను గీజరు లైను ఫేజు, న్యూట్రల్ రెండూ ఆర్‌సీసీబీకి ముందు నుంచి ఇచ్చి, ఒక్క ఎంసీబీ మీద పెట్టి వెళ్లిపోయాడు. ఇక ఏదీ పడలేదు. తప్పు ఆ కుర్రాడిది కాదు. డబ్బులిచ్చేవాడు గట్టిగా అడిగితే అతనికి కాదనే వీలుండదు.

అప్పటికి ఎర్తు ఒక్కటే మిగిలింది. కాయిల్ నుంచి కారుతున్న కరెంటు ఆకుపచ్చ వైరు పట్టుకుని భూమిలోకి పోతుండేది. నవంబరులో ప్లగ్గు పిన్ను లూజై, నల్లగా కాలింది. కొత్త ప్లగ్గు కొని నేనే బిగించాను. ఆకుపచ్చ వైరు కురచగా తెగి ఉంది, పెద్ద పిన్ను దాకా అందలేదు. రెండు వైర్లు కలిపితే గీజరు పనిచేస్తుంది కదా అని దాన్ని వెనక్కి మడిచి ప్లగ్గులో దోపేశాను.

డిసెంబరులో అమ్మ అనంతపురం నుంచి వచ్చింది. స్నానానికి వెళ్లి, వెంటనే తలుపు తీసి పిలిచింది. "నాన్నా, కుళాయి పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందిరా." చలికి అలా అనిపిస్తుందిలే అమ్మా అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చిందని తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది. అమ్మ వినలేదు. పల్లెలో మోటారు స్టార్టర్ల దగ్గర షాకులు చూసిన మనిషి. "చలి కాదు, కరెంటే. నువ్వు ముట్టుకోవద్దు, ముందు మెయినాపు" అంది. మెయిన్ ఆపకముందే నేను టెస్టర్ తెచ్చి కుళాయికి ఆనించాను. లోపల నియాన్ బల్బు ఎర్రగా వెలిగింది. కుళాయి ఇనుము మీద, తడి చేతులు పెట్టే చోట.

మా ఇంట్లో సీపీవీసీ పైపులు. గీజరు ట్యాంకుకూ కుళాయికీ మధ్య ఉన్నది ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లే కాబట్టి, కరెంటు అంత బలంగా రాలేదు. పాత ఇళ్లలోలా ఇనప పైపు అయ్యుంటే ట్యాంకు మీది కరెంటు నేరుగా అమ్మ చేతిలోకి వచ్చేది. అమ్మ బతికి ఉండటంలో నా జాగ్రత్త ఏమీ లేదు.

ఆ సాయంత్రం వచ్చిన ఎలక్ట్రీషియన్ ములబాగల్ వైపు పెద్దాయన, తెలుగు మాట్లాడతాడు. ఆయన పని చేసిన వరుసే నాకు అసలు పాఠం. ముందు ఎంసీబీ ఆపి, అది ఎవరూ వెయ్యకుండా దాని మీద టేపు అంటించాడు. ప్లగ్గు పీకి పక్కన పెట్టాడు. మూత విప్పాక కూడా వైర్ల మీద టెస్టర్ పెట్టి చూశాడు, దానికి ముందు టెస్టర్ పనిచేస్తోందో లేదో వేరే సాకెట్‌లో చూసుకున్నాడు. అంతవరకూ ఎర్ర బటన్ వైపు చూడనే లేదు. "ఇది ఎన్నిసార్లు నొక్కినారు సార్?" అని అడిగాడు. చెప్పాను. ఆయన ఏమీ అనలేదు.

మల్టీమీటర్‌తో కాయిల్ రెండు కొసలూ చూస్తే ఇరవై ఆరు ఓములు వచ్చింది. రెండు వేల వాట్లకు ఉండవలసింది అంతే. కాయిల్ బాగుందని నేను అనుకునేలోపే, ఆయన సంచిలోంచి కరెంటు కారుతోందో లేదో చూసే మెగ్గర్ తీసి, కాయిల్‌కూ ట్యాంకు ఒంటికీ మధ్య ఐదు వందల వోల్టులు పెట్టాడు. ముల్లు సున్నా వైపు పడిపోయింది. "వేడి చేస్తది, కానీ కారుతా ఉండాది" అన్నాడు. నీళ్లు దించి కాయిల్ బయటికి లాగితే, దాని మీద సున్నం పెచ్చులు పెచ్చులుగా, చిటికెనవేలంత మందాన. గోటితో గీకి, వంపు దగ్గర చూపించాడు. వెంట్రుకంత సన్నని నెర్రె. పక్కన పాలిపోయిన ఆకుపచ్చ మరక.

ఎస్పీ రోడ్డులో కాయిల్, గ్యాస్కెట్, వాల్వ్ తెచ్చాము. కటౌట్ కూడా మార్చమన్నాడు, అన్నిసార్లు తెగి కలిసినది సమయానికి మళ్లీ తెగుతుందో లేదో చెప్పలేమని. గీజరు లైను తిరిగి ఆర్‌సీసీబీ వెనక్కి వచ్చింది, ఆకుపచ్చ వైరు కొత్తది వేసి పెద్ద పిన్నుకు బిగించాడు. అన్నీ అయ్యాక వేడినీళ్ల కుళాయి తెరిచి, గాలి పూర్తిగా పోయి ధార నిలకడగా పడేదాకా నిలబడ్డాడు. అప్పుడే స్విచ్చి వేశాడు. నీళ్లు కాగేటప్పుడు సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడుతుంటే నేను కంగారుపడ్డాను. పదిహేను లీటర్లు అరవై డిగ్రీలకు వస్తే రెండు వందల మిల్లీలీటర్లకు పైగానే ఉబ్బుతాయి, ఆ నీళ్లకు పోవడానికి దారి కావాలి, అది మూస్తే ట్యాంకు పగులుతుంది అని చెప్పాడు. ఆ చుక్కలు చికాకనిపించి కొందరు అక్కడ ప్లగ్గు కొట్టించుకుంటారట.

ఈ సంగతి తెలిసి గ్యాస్ గీజరు పెట్టుకోమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు, దాంట్లో షాకు భయం లేదని. గాలి ఆడని బాత్రూములో గ్యాస్ మండితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. దానివల్ల స్నానాలగదుల్లోనే మనుషులు చనిపోయిన వార్తలు ఈ ఊళ్లో ఎన్నో చదివాం. పెట్టుకోవాలంటే బాత్రూము బయటే, గాలి బాగా ఆడేచోటే పెట్టాలి. ఇలాంటి చావులు చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది, ఆ ఇళ్లవాళ్ల మీద కాదు, దాన్ని బాత్రూములో బిగించి డబ్బులు తీసుకుని పోయినవాళ్ల మీద.

ఇప్పుడు నెల మొదట్లో ఆర్‌సీసీబీ టి బటన్ నొక్కి, అది పడుతోందో లేదో చూస్తాను. ట్యాంకరు రాని రోజు గీజరు ఎంసీబీ ఆపేస్తాం, నీళ్లు వచ్చాక ధార చూసిన తర్వాతే వేస్తాం. కటౌట్ తెగితే నొక్కడం మా ఇంట్లో ఎవరి పనీ కాదు, నా పని అసలే కాదు. పక్కింటివాళ్లకు కిటుకు చెప్పాను కాబట్టి, వాళ్ల ఇంటికి వెళ్లి ఈ కథంతా చెప్పి వచ్చాను.

పెద్దాయన వెళ్లబోతూ ఇంకొక ప్రశ్న వేశాడు, బిల్డింగ్ ఎర్తుపిట్ ఎక్కడ అని. అపార్ట్‌మెంటులో ఎవరికీ తెలియదు. సెక్రటరీకి తెలియదు, వాచ్‌మన్‌కు తెలియదు. పాత డ్రాయింగు పట్టుకుని వెతికితే, పార్కింగ్‌లో పరిచిన రాళ్ల కింద దొరికింది. రాళ్లు పరిచినప్పుడు మూత మీదే పరిచేశారు. లోపల ఉప్పు, బొగ్గు ఎండి బిగుసుకుపోయాయి. బెంగళూరు నేల కింద రాయి ఎక్కువ. పిట్ ఎండితే ఎర్తు వైరు ఎంత గట్టిగా బిగించినా కరెంటు భూమిలోకి సరిగ్గా దిగదు. మా ఒక్క ఇంటికే కాదు, అన్ని ఫ్లాట్ల ఆకుపచ్చ వైర్లూ చేరేది ఆ ఎండిన గుంతలోకే. నేను ప్లగ్గులో మడిచి దాచిన వైరు గురించి మీటింగులో అందరి ముందూ చెప్పాను, లేకపోతే డబ్బులు ఎవరూ ఇవ్వరని. పిట్ తవ్వి బాగు చేయించాం, మూత కనపడేలా చుట్టూ ఇటుకలు కట్టించాం. ఎండాకాలం వారానికోసారి అందులో రెండు బిందెలు పొయ్యాలని తీర్మానం చేశాం. కొనుక్కునే ట్యాంకరు నీళ్లే, అయినా ఒక్కరు కూడా వద్దనలేదు.